గోలీల ఆట పిచ్చి... మా అవ్వ, పక్కింటి చాంద్ బీ

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తినగానే అవ్వ టీవీ ముందుకు వచ్చేది. వచ్చి కూర్చునేది కాదు... నిలబడేది. చూస్తూ గోడ దాకా నడిచేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. "కూసోరాదే అవ్వా" అంటే, "ఎట్ల కూసుంటనే? ఆ పిల్ల కొట్టబోతాంది!" అనేది.

ఆ పిల్ల ఎవరనుకున్నారు? ఎక్కడో విదేశంలో బల్ల మీద బంతులతో పూల్ ఆట ఆడే ఒకామె. పేరు అవ్వకు నోరు తిరిగేది కాదు. నల్లకోటు వేసుకునేది కాబట్టి 'నల్లకోటు పిల్ల'. ఆటకు కూడా అవ్వ పెట్టిన పేరే... గోలీల ఆట.

బాపు ఉద్యోగం కోసం మేం పాలమూరులో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఊళ్ళో బతుకంతా గొర్రెల వెంట తిరిగిన మనిషి మా అవ్వ. రెండు గదుల ఇంట్లో ఆమెకు కాలు నిలిచేది కాదు. తొంభైల్లో మా వాడకు కేబుల్ వచ్చాక, ఛానళ్ళు తిప్పుతుంటే ఒకరోజు ఈ ఆట కంటపడింది. తెల్ల బంతిని కట్టెతో పొడిచి, బల్ల మీదున్న అంకెల బంతుల్లో చిన్న అంకెదాన్ని ముందు తాకించాలి. తొమ్మిదో బంతిని గుంతలో వేసినవాళ్ళదే గేమ్. నేను తెర మీది రాతలు చదివి చెప్పినదానికంటే అవ్వ చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

"గొర్లను దొడ్లెకు తోలినట్టే గదనే!" అని మురిసిపోయింది. ఇక అంతే...

వారమంతా ఒకటే గోల. గెలిచిందా? ఇంకెన్ని ఆటలున్నయి? ఎనిమిదో తరగతి చదువుతున్న నన్ను గ్రంథాలయానికి తరిమేది. ఇంగ్లిషు పేపరు ఆటల పేజీ మొత్తం వెతికితే అన్నీ క్రికెట్ వార్తలే. ఖాళీ చేతులతో ఇంటికొస్తే, "నువ్వు సరిగ చూడలే" అని మూతి ముడుచుకునేది.

ఆ ఏడు నల్లకోటు పిల్ల ఫైనల్‌కు వచ్చింది. ఎదుట ఒక పొడుగామె. అంతకుముందు రెండుసార్లు ఈమెను ఓడించిందట. ఆరోజు బాపు ఊళ్ళో లేడు. ఆట మంచి పట్టులో ఉంది... ఇద్దరివీ సమానం. ఉన్నట్టుండి మా నలుపు తెలుపు టీవీలో బొమ్మ ముడుచుకుపోయి అడ్డంగా ఒక తెల్లగీత మిగిలింది!

మాట మాత్రం వస్తోంది. బంతులు టక్కుమనడం, జనం చప్పట్లు... ఎవరికో తెలియదు.

"ఏమంటుండే వాడు? జల్ది చెప్పు!"

నాకు అర్థమైతేగా! 'నైన్' అన్న ముక్క తప్ప ఏదీ అందలేదు. అవ్వ టీవీ నెత్తిన రెండు చరిచింది. వాకిట్లోకి పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. గోడ దగ్గర ఆగిపోయి నన్ను చేత్తో పిలిచింది.

పక్కింట్లోంచి అదే గొంతు... అదే టక్కు టక్కు!

పక్కిల్లు చాంద్ బీది. ఆమెకూ అవ్వకూ ఏడాదిగా మాటల్లేవు. వాళ్ళ మేక మా వడియాలన్నీ తినేసింది. అవ్వ ఆ మేకను పట్టి పొద్దుగూకేదాకా మా వాకిట్లో కట్టేసింది. ఆ రోజు ఇద్దరి నోళ్ళకూ వాడంతా బయటికొచ్చి నిలబడింది. అప్పట్నుంచి ఎదురుపడితే మొహం తిప్పుకోవడమే.

అవ్వ కొంగు నడుముకు దోపింది, తీసింది, మళ్ళీ దోపింది. చప్పట్లు ఇంకోసారి మోగాయి. అంతే... నా చెయ్యి పట్టుకుని విసవిసా వాళ్ళ గడపలోకి వెళ్ళింది.

"చాంద్ బీ... మా టీవీ ఖరాబైంది. జర... ఆట చూడనిస్తవా?"

చాంద్ బీ తలెత్తి చూసింది. ఆమె చాప మీద కొంచెం పక్కకు జరిగింది.

"ఆవ్ పెద్దమ్మా, కూసో. ఆఖరి గేమ్ నడుస్తాంది. మా పొడుగుపిల్లనే గెలుస్తది."

"మీ పొడుగుపిల్లనా?" అవ్వ కూర్చోబోతూ ఆగింది. "ఏడాది సంది మీ టీవీ లొల్లి వినీ వినీ, ఏందిది అని నేను గూడ పెట్టిన. అలవాటైంది" అంది చాంద్ బీ.

వాళ్ళది కలర్ టీవీ. నల్లకోటు నిజానికి నీలం రంగని అవ్వకు అప్పుడే తెలిసింది. పట్టించుకునే ఓపిక ఆమెకెక్కడిది... చివరి తొమ్మిదో బంతి ఒక్కటే మిగిలింది. మా పిల్ల వంగింది. కొట్టింది. బంతి గుంత అంచు దాకా పోయి ఆగిపోయింది. పొడుగామె వచ్చి సులువుగా తోసేసింది.

చాంద్ బీ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వేయలేదు. "పాపం... పిల్ల చెయ్యి వణికింది పెద్దమ్మా" అని లేచి, చాయ్ తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది.

మా టీవీ బాగైంది. అయినా అవ్వ ఆదివారాలన్నీ వాళ్ళింట్లోనే. ఒకరినొకరు తిట్టుకుంటూ, కలిసి చూసేవాళ్ళు. తర్వాత కేబుల్‌లో ఆ ఛానలే పోయింది. ఇద్దరూ కలిసి కేబుల్ అతని మీదికి పోతే, "గా ఛానల్ మీరిద్దరే చూస్తరమ్మా" అని చేతులు జోడించాడట. కొన్నాళ్ళపాటు ఆదివారం వస్తే ఇద్దరికీ కాళ్ళు నిలిచేవి కావు. నల్లకోటు పిల్ల ఏమైందో తెలియకుండానే అవ్వ వెళ్ళిపోయింది.

మొన్న ఊరికే ఫోన్లో వెతికాను. ఆ ఛానల్ పోయిన మరుసటి ఏడే ఆమె ఫైనల్ గెలిచిందట! ఉండబట్టలేక చాంద్ బీకి ఫోన్ చేశాను. ఇప్పుడామె కూడా ముసలిదైపోయింది.

"ఎవర్ని ఓడగొట్టింది?" అంది వెంటనే.

"మీ పొడుగుపిల్లనే."

ముందు నవ్వు వినబడింది... ఆ వెంటే ముక్కు చీదిన చప్పుడు.

"పెద్దమ్మ ఉంటే ఇయ్యాల నన్ను బతకనిస్తుండెనా బిడ్డా!"

ఇప్పుడు ఏ ఆట ఫలితమైనా రెప్పపాటులో చేతిలోకి వచ్చేస్తోంది. తెలుసుకోవడానికి ఎవరి గడపా తొక్కక్కర్లేదు... అదే వెలితిగా ఉంది. మీ ఇళ్ళల్లోనూ ఎవరికైనా ఇలా ఎవరూ పట్టించుకోని ఆట మీద పిచ్చి ఉండేదా? ఉంటే వాళ్ళ సంగతులు ఇక్కడ రాయండి... చాంద్ బీకి చదివి వినిపిస్తాను.