కోచ్ గారికి నేను నేర్పిన మర్యాద

ఒక్క ‘గారు’తో కన్నకూతురి గుండె ఎలా పగలగొట్టవచ్చో ఎవరికైనా తెలుసుకోవాలనుంటే నా దగ్గరికి రండి. నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకైతే ఇప్పటికీ తలెత్తుకోబుద్ధి కాదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చదువూ మర్యాదా రెండూ ఇంట్లో నాన్నగారు పెట్టిన భిక్ష. మా కొవ్వూరు ఇంట్లో అడ్డొచ్చిన పిల్లిని కూడా “కాస్త జరగండి” అంటాం. అలాంటి నేను, మా రమ్య బరువులెత్తడం నేర్చుకునే షెడ్డుకి ఓ పొద్దున నానబెట్టిన శనగలు పట్టుకెళ్లాను. లోపల్నించి కోచ్ సూర్యం గారి గొంతు ఉరిమింది.

“ఒసే మొద్దూ! నడుం నిటారుగా పెట్టవే!”

నా ఒళ్లు మండింది. పిల్లని ఒక్క మాట అడిగానా? అబ్బే! తిన్నగా ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

“ఏవండీ, ఎదిగిన ఆడపిల్లని అలా పిలుస్తారా? కాస్త గౌరవంగా మాట్లాడండి.”

“అలాగేనండి. తప్పయిపోయిందండి” అన్నారాయన బిత్తరపోయి.

లంక గెలిచినదానిలా ఇంటికొచ్చి దేవుడికి దీపం కూడా పెట్టాను!

మర్నాటినుంచి రమ్య అన్నం సరిగా ముట్టదు. మూడోనాటికి రోజూ ఎత్తే బరువే చేతుల్లోంచి జారిపోయిందట. వారంలో రాష్ట్ర పోటీలకి ఎంపికలు.

“ఏంటమ్మా, సార్ తిట్టారా?”

“తిడితే బావుణ్ణు! ‘రమ్య గారూ, వీలైతే ఎత్తండి’ అంటున్నారు. మానేసి వెళ్లిపోయేవాళ్లతోనే ఆయన అలా మాట్లాడతారు. నన్ను వదిలేశారమ్మా” అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

“అలా అనమని చెప్పింది... నేనేనే.”

“నువ్వా! నన్నొక్కసారి అడగొచ్చుగా? నా మోకాలు వాస్తే రోజూ ఐసు తెచ్చిపెట్టిందెవరు? తగ్గేదాకా బరువు ముట్టనివ్వందెవరు? ఆయన ‘మొద్దూ’ అంటేనే నాకు భయం పోద్ది!”

సిగ్గుతో కుంచించుకుపోయాను. తెల్లారగానే షెడ్డుకి పరిగెత్తి, పిల్లలందరి ముందూ చేతులు జోడించాను.

“సూర్యం గారూ, మీకు పుణ్యముంటుంది. మా అమ్మాయిని ‘ఒసే’ అనండి.”

షెడ్డంతా ఒకటే నవ్వు.

“మళ్లీ కోపగించుకోరు కదండీ?”

“లేదండీ, తిట్టండి బాబూ!”

ఆయన రమ్య వైపు తిరిగారు. “ఒసే మొద్దూ! తిట్లకి కూడా సిఫార్సు తెచ్చుకున్నావా? ఎత్తవే!”

ఎత్తింది. ఏడుస్తూ, నవ్వుతూ ఎత్తింది. ఆ వారం ఎంపికైంది కూడా. అంతా స్వామి దయ, ఆపైన సూర్యం గారి నోటి చలవ.

షెడ్డునుంచి వచ్చిన ఆ సాయంత్రమే దేవుడి ముందు చెంపలేసుకుని ప్రమాణం చేశాను: పిల్లని అడక్కుండా దాని తరఫున ఎవరితోనూ పోట్లాడను. ఆయన మళ్లీ దాన్ని ‘గారు’ అన్నారో, దాన్ని అడిగి మరీ పోట్లాడతాను.