మద్దెల వినిపించే దాకా

నా చిన్నప్పుడు, తమిళనాడు అంచున ఉన్న హోసూరులో మేమున్న రెండు గదుల ఇంట్లో ఒక చిన్న టేప్ రికార్డరు ఉండేది. అమ్మా నాన్నలతో పాటు అమ్మ తమ్ముడు, అంటే మా మామ, మాతోనే ఉంటూ ఫ్యాక్టరీకి వెళ్లేవాడు. తాత పోయాక రాయకోట నుంచి అవ్వ కూడా మా దగ్గరికి వచ్చేసింది. ఆమె తెచ్చుకున్న బట్టల మూటలో ఒక క్యాసెట్ ఉంది.

తాత వీధినాటకాల్లో మద్దెల వాయించేవాడు. ఏదో ఊళ్లో ఆట జరుగుతుండగా ఎవరో రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్ అది. తాత ఫోటో కూడా మా దగ్గర లేదు. ఆయన గుర్తుగా మిగిలింది ఆ ఒక్కటే. మధ్యాహ్నం పనులయ్యాక అవ్వ దాన్ని పెట్టించుకుని వినేది. వేషగాళ్ల గొంతులు వినిపించేవి, తాళాలు వినిపించేవి. మద్దెల మాత్రం పక్కింట్లో ఎవరో గోడ మీద వేలితో తట్టినట్టు ఉండేది.

“పాట వస్తాది, మీ నాయన రాడు” అంది అవ్వ ఒకరోజు మామతో. ఆమె నవ్వుతూనే అంది. మామ నవ్వలేదు.

మరుసటి వారం మామ బజారుకు వెళ్లి పెద్ద స్టీరియో సెట్లు చూసి వచ్చాడు. వాటి ధర మాకు అందేది కాదు. “కొనేకి కాకపోతే నేనే కడతాను” అన్నాడు. అమ్మ పకపకా నవ్వింది. “ఫ్యాను రెక్క బిగించేకి నీకు నెల పట్టింది కదప్పా, స్టీరియో కడతావంట!” అంది. మామ ఒక నోటుపుస్తకం తీసి బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మూడు నెలలు ఆదివారం వస్తే చాలు, మామ బెంగళూరు బస్సెక్కి పాత సామాన్ల సంతకు పోయేవాడు. మంచి స్పీకర్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదని, మిగతాదంతా చేతులతో చేసుకోవచ్చని ఆయన లెక్క. అట్లా రెండు పెద్ద స్పీకర్లు, ఒక పాత ఆంప్లిఫయరు ఇంటికి వచ్చాయి. ఫ్యాక్టరీకి యంత్రాలు దిగుమతయ్యే చెక్కపెట్టెల పలకలు అడిగి తెచ్చి, కోసి, స్పీకర్లకు పెట్టెలు చేశాడు. చిరిగిన పరుపులోని దూది వాటి లోపల కూరాడు. గ్రానైటు పాలిష్ చేసే చోట పారేసిన రాతి ముక్కలు తెచ్చి, పెట్టెలు అదరకుండా వాటి కింద వేశాడు. వైరు కూడా పాతదే. రెండు తీగలూ ఒకే తెలుపు. ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియడానికి, పెట్టె వెనక ఉన్న రెండు స్క్రూలలో ప్లస్సు పక్కన కొంచెం కుంకుమ నూనెలో తడిపి పెట్టాడు. తీగ చివరా అంతే. ఎర్ర రంగు కొనడం దండగని ఆయన ఉద్దేశం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెట్టెలు పూర్తయిన మరునాడు శుక్రవారం. కొత్త వస్తువు ఇంటికి వస్తే తుడిచి బొట్టు పెట్టడం మాకు అలవాటు. “ఆ పెట్టెలకు బొట్టు పెట్టమ్మా” అని అమ్మ నాకు పని చెప్పింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తడిగుడ్డతో ఒక పెట్టె ముందూ వెనకా శ్రద్ధగా తుడిచాను. తుడిచాక చూస్తే గుడ్డకు కుంకుమ అంటి ఉంది, వెనక ఎవరో పెట్టిన బొట్టు చెరిగిపోయింది. బొట్టు చెరిపేయకూడదని మాత్రమే నాకు తెలుసు. గబగబా మళ్లీ పెట్టేశాను, చేతికి ఏ స్క్రూ దగ్గరగా ఉంటే దాని పక్కన. రెండో పెట్టె గోడకు ఆనించి ఉంది కాబట్టి దాని వెనక తుడవలేదు. ముందు మాత్రం బొట్టు పెట్టి వచ్చేశాను.

సాయంత్రం మామ వచ్చి, కుంకుమ ఉన్న చోట కుంకుమ ఉన్న తీగ బిగించి, క్యాసెట్ పెట్టాడు. ఇల్లంతా పాట నిండింది. అమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. అవ్వ రెండు పెట్టెల మధ్య కూర్చుని తల వంచుకుని విన్నది. చాలాసేపు విన్నది.

“బాగుండాదప్పా” అంది చివరికి. “ఆయన ఎప్పుడూ ఎనకే కూర్చునేటోడు. ఇంతే వస్తాదేమో. వదిలెయ్యి.”

మద్దెల రాలేదు. అంత పెద్ద స్పీకర్లలో అది చిన్న టేప్ రికార్డరులో కంటే పలచగా ఉంది. మామ ముఖం చూడలేకపోయాను. రెండు పెట్టెల వెనకా వంగి చూశాడు. “కుంకుమ చూసే కట్టినాను కదా” అని తనలో తాను అనుకున్నాడు. ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. మెల్లగా అమ్మ వెనక్కి జరిగాను.

అమ్మ, సంతలో వాడెవడో పాడైన స్పీకరు అంటగట్టి ఉంటాడంది. మామ వినలేదు. ఒక పెట్టె తీగ విప్పాడు. ఒక్కసారిగా గదిలో మద్దెల మోగింది.

“వచ్చినాడు!” అంది అవ్వ.

మళ్లీ తీగ తగిలించాడు. “పోయినాడు” అంది. రెండో పెట్టె విప్పినా వచ్చాడు. రెండూ కలిపితే పోయాడు. మామ ఆంప్లిఫయరు ఆపేసి నేల మీద కూర్చున్నాడు. “రెండూ మంచివే. కలిసినప్పుడే ఒకదాన్నొకటి చంపుకుంటాండాయి. ఒకటి ముందుకు తోస్తే ఇంకోటి ఎనక్కి లాగుతాంది” అన్నాడు. టార్చిలైటులో నుంచి ఒక సెల్లు తీశాడు. “యాడో నేనే తప్పు కట్టుంటాను. రా పాపా, పట్టుకో.”

స్పీకరు నల్ల కాగితం మీద నన్ను వేలు ఆనించమన్నాడు. వెనక, కుంకుమ ఉన్న స్క్రూకు ప్లస్సు కొన తగిలేట్టు సెల్లు తాకించాడు. కాగితం నా వేలిని బయటికి నెట్టింది. నేను తుడిచిన పెట్టెకు వచ్చాము. మళ్లీ తాకించాడు. ఈసారి కాగితం నా వేలి కింద నుంచి లోపలికి జారిపోయింది. నేను భోరున ఏడ్చేశాను. గుడ్డ, బొట్టు, స్క్రూ అన్నీ చెప్పేశాను. ఆయన సంతకు పోయిన ఆదివారాలన్నీ నేనే పాడుచేశానని అనిపించింది.

మామ పడీపడీ నవ్వాడు. “బొట్టు బాగానే పెట్టినావే, చోటే తప్పింది! నేను గుర్తు పెట్టినాను, ఎవురికీ చెప్పకుంటిని. చెప్పని గుర్తు నీకెట్ల తెలుస్తాది?” అన్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు నా చేతికి ఇచ్చాడు. “నువ్వే తిప్పి కట్టు.”

నేనే కట్టాను. ఆయన ఎక్కడా చెయ్యి పెట్టలేదు. క్యాసెట్ మొదటికి తిప్పాము.

మద్దెల వచ్చింది. గదిలోకి మనిషి నడిచి వచ్చినట్టు వచ్చింది. రాతి ముక్కల మీద నిలబడిన పెట్టెలు కదల్లేదు కానీ నా పక్కటెముకలు అదిరాయి. అవ్వ కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తోంది. కొంతసేపటికి చెయ్యి ఎత్తి మమ్మల్ని ఆగమంది. “ఇప్పుడు చూడండి, ఈడ తప్పుతాడు” అంది. నిజంగానే మద్దెల ఒక్క క్షణం తడబడి, మళ్లీ దారిలో పడింది. “ఆ పొద్దు ఒళ్లు కాలిపోతా జ్వరం ఆయనకు. ఎవురూ కనిపెట్టలేదు, నేను తప్ప” అంది అవ్వ, గర్వంగా. ఆ తప్పు కోసమే ఆ క్యాసెట్‌ను మళ్లీ రెండుసార్లు వెనక్కి తిప్పించుకుంది.

ఇప్పుడు నాకు నాలుగేళ్ల కూతురుంది. నేను ధైర్యస్తురాలిని కాను. దానికి చిన్న దగ్గు వచ్చినా నాకు నిద్ర ఉండదు. ఈ ఏడాది హోసూరులోనే బడిలో వేస్తే అక్కడ నోరు తెరవడం లేదని టీచరు చెప్పింది. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. టీచరు మంచి మనిషి. పిల్లలో ఏదో లోపమని ఒకరు, బడి మార్చమని ఒకరు అన్నారు. నేనూ కొన్ని రోజులు ఎవరిని తప్పుపట్టాలా అని వెతికాను. ఆ తర్వాత, ఆ రోజు మామ చేసినట్టు, నేను కట్టిన తీగ నుంచి మొదలుపెట్టాను. గేటు దగ్గర నన్ను నేను గమనించుకున్నాను. టీచరు పిల్లను ఏది అడిగినా, భయం కొద్దీ, దానికంటే ముందు నేనే జవాబు చెబుతున్నాను.

ఈ పొద్దున టీచరు ఏం తిన్నావని తమిళంలో అడిగింది. నేను పెదవులు బిగించుకుని నిలబడ్డాను. నా కూతురు నా ముఖంలోకి చూసింది. టీచరు వైపు చూసింది. వెనక పిల్లలు తోసుకుంటున్నారు, ఆటోవాడు హారను కొడుతున్నాడు. నేను కదల్లేదు.

“దోసె” అంది. కాసేపాగి, “రెండు” అంది.