అమ్మ గదికి వేసిన తీగ

నరసరావుపేటలో మా సంఘం వేసవి సభల చివరి ఉదయం మా నాన్న బాప్తిస్మం. దానికోసం అమ్మ ఇరవై ఏళ్లు ఉపవాసముండి ప్రార్థించింది. తీరా ఆ రోజు వచ్చేసరికి తుంటి ఎముక విరిగి మంచంమీద ఉంది. జనం నిండిన పందిట్లోకి మంచం పట్టదు. పక్కనున్న బడి గదిలో ఆమెను పడుకోబెట్టి ఎదురుగా టీవీ పెట్టాం. పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరాను బాప్తిస్మపు తొట్టి దగ్గర నిలబెట్టించాం. రెంటికీ మధ్య తీగ వేసే పని నాది.

మా వీధిలో టీవీలు బాగుచేసే సాయిబును నేను మామా అనేవాణ్ణి.

"గుండ్రటి తీగ కొను అల్లుడూ. లోపల వల చుట్టి ఉంటది, పక్కన కరెంటున్నా బొమ్మ చెడదు" అన్నాడు.

యాంటెన్నాకని తెచ్చిన, వల లేని పట్టీ తీగ ఇంట్లో చుట్టగా పడి ఉంది. అదే చాలన్నాను.

"నీ ఇష్టం. కరెంటు తీగకి మాత్రం బారెడు దూరంగా లాగు."

లాగలేదు. పందిరి చూడముచ్చటగా ఉండాలని ఫ్యాన్ల తీగతో కలిపి పురికొసతో కట్టేశాను.

పొద్దున్నే చూస్తే బొమ్మ అద్దంలా వచ్చింది. జనం చేరి ఫ్యాన్లు వేయగానే టీవీ నిండా గీతలు. పందిట్లోకి పరుగెత్తాను. నాన్న అప్పటికే తెల్లబట్టలతో వరసలో ఉన్నాడు. ఆయనకు ముందు ఇద్దరే.

"సాతాను పనిరా ఇది. మోకరించండి" అన్నాడు సంఘపెద్ద.

"సాతాను సంగతి తర్వాత చూద్దాం పెద్దయ్యా, ముందు ఫ్యాన్లు ఆపించండి" అన్నాడు, నాన్న బాప్తిస్మం చూద్దామని వచ్చిన మామ.

"ఈ ఎండకి ముసలాళ్ళు పడిపోతారయ్యా."

"అయితే ఆ తీగ విడదీయండి. చేత్తో పట్టుకోమాకండి, కర్రలమీద ఎత్తండి" అని మామ టీవీ దగ్గరికి పరుగెత్తాడు.

నేను బ్లేడుతో పురికొస కోస్తూ పోయాను. ప్రభువా, నా మొండితనానికి అమ్మను శిక్షించవద్దు అని కళ్ళు తెరిచే ప్రార్థించాను. వరసల్లో కూర్చున్న తాతలు లేచి, జారిన తీగను చేతికర్రలమీద ఒకరి తర్వాత ఒకరు పైకెత్తారు. చివరి ముడి కోస్తుండగా తొట్టిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గది గుమ్మంలోంచి మామ "వచ్చింది" అని చెయ్యూపాడు.

నేను వెళ్ళేసరికి తెరమీద నాన్న నీళ్ళోడుతూ నిలబడి ఉన్నాడు.

"మునగటం చూశావా అమ్మా?"

"లేదు."

నేను బ్లేడు జేబులో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను.

"లేవటం చూశాగా, ఇంకేంది" అంది, తెరమీంచి చూపు తిప్పకుండా. "పోయి తల తుడుచుకోమను. అసలే చానా దగ్గుతాడు."