బరువున్నవాడికి దారి

మా జట్టు ఏనాడూ కప్పు గెలవలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ముసలివాడు ఫుట్‌బాల్ గురించి నోరు విప్పితే చివర్లో కప్పు వస్తుందని వినేవాళ్లు కాచుకుని కూర్చుంటారు. మా కథలో కప్పు లేదు. రంగూన్ లీగ్‌లో అట్టడుగు తరగతిలో కొన్ని వానాకాలాలు ఆడాం, అప్పుడప్పుడూ నెగ్గాం, ఎక్కువసార్లు ఓడాం. అయినా ఆ జట్టులో ఆడానని చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ నిటారుగా నిలబడుతుంది. అది పొగరని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, నాకు పోయేదేమీ లేదు.

పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట ఇది. మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో రంగూన్‌ని రంగం అనేవారు. పంటలు పోయిన ఏడు ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా ఓడెక్కి రంగం పోవడం, రేవులో బరువులు మోయడం మామూలే. నేనూ అలాగే వెళ్లాను. అక్కడ మేం ఏ ఊరివాళ్లమైనా, ఏ కులంవాళ్లమైనా అందరికీ ఒకటే పేరు, కొరంగీలు. వెనకటికి మనవాళ్ల ఓడలు కోరంగి రేవు నుంచి వచ్చేవట, ఆ పేరు మాకు అంటుకుపోయింది. చౌక్తడా పేటలో దొరల ఆఫీసుల ముందు నుంచి నడిచిపోతుంటే ఆ మాట మా వెనక వినపడేది. అన్నవాడి గొంతులో మర్యాద ఉండేది కాదు.

మాది ఒక ముఠా. మా ముఠా మేస్త్రి నడివయసు మనిషి, పొట్టివాడు, గొంతు మాత్రం ఓడ కూతకి తీసిపోదు. గోదాముల్లోంచి బియ్యం బస్తాలను పడవల్లోకి చేర్చడం మా పని. ఒడ్డుకీ పడవకీ మధ్య ఒక సన్నటి బల్ల వేస్తారు. బస్తా వీపున వేసుకుని ఆ బల్ల మీదే పోవాలి, ఖాళీ వీపుతో మళ్లీ ఆ బల్ల మీదే రావాలి. అందుకని అక్కడ ఒక నియమం ఉండేది. బరువుతో వచ్చేవాడు "బరువు" అని కేక వేస్తాడు. ఆ కేక వినగానే ఎదురున్నవాడు ఎంతటివాడైనా పక్కకి ఒరిగి దారి ఇవ్వాలి. పడవలో చివర నిలబడ్డ ఒక్కడు మాత్రం పక్కకి జరగడు. వాడు బస్తా దించేవాడు. కేక వింటే వాడు ముందుకొచ్చి బరువు అందుకోవాలి. ఆ పని నాది.

ఆ కేక అబద్ధానికి వెయ్యడం మహాపాపం. ఒకసారి ఉత్తుత్తి కేక విన్నవాడు మరోసారి నిజం కేక విని తటపటాయించాడంటే ఇద్దరూ ఏట్లో పడతారు, వాళ్ల మీద బస్తా పడుతుంది. మా ముఠాలో కొత్తగా చేరిన ప్రతివాడికీ మేస్త్రి ముందు నేర్పేది ఇదే.

వానలు మొదలైతే బియ్యం మిల్లుల్లో పని తగ్గేది, మాకు తీరిక దొరికేది. అలాంటి ఒక వానాకాలంలో, రేవు పక్కన ఆడుకునే ఓడ నావికులు చిరిగిపోయిన బంతిని పారేసి వెళ్లిపోయారు. మేస్త్రి దాన్ని బసకి తెచ్చి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టాడు. లోపలి రబ్బరు తిత్తికి ఎక్కడో మాటు వేయించుకొచ్చాడు. వాన నీళ్లు పీల్చుకుందంటే అది పనసకాయంత బరువెక్కేది. చెప్పుల్లేని కాళ్లతో దాన్ని తన్ని ఆట నేర్చుకున్నవాళ్లం మేం. తర్వాత ఎప్పుడో మంచి బంతి దొరికితే అది కాలికి తగిలినట్టే అనిపించలేదు.

మొదటి ఆట పబేడాన్ బజారు అంగళ్లలో పనిచేసే కుర్రాళ్లతో ఆడాం. మా ఒళ్లు చూసి వాళ్లు బెదిరారు గానీ, ఆ బెదురు ఎంతోసేపు నిలవలేదు. వాళ్లలో ఒకడు బంతితో దూసుకొస్తే మావాడు పక్కకి ఒరిగి దారి ఇచ్చాడు. ఆ వెనకవాడూ ఇచ్చాడు. పెళ్లి ఊరేగింపు వస్తున్నట్టు వరసగా అందరం దారి ఇచ్చాం. ఎన్ని గోల్స్ పడ్డాయో కాసేపటికి లెక్కపెట్టడం మానేశాం. గట్టు మీద నిలబడ్డ మేస్త్రి ముందు తిట్టాడు, తర్వాత తల పట్టుకున్నాడు, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒరే, మీరు బంతికి దారిస్తన్నార్రా," అన్నాడు ఆట అయ్యాక. "అదీ బరువే అనుకుంటన్నారు."

నిజమే. అది ఆటని మా బుర్రలకి తెలుసు, కాళ్లకి తెలియదు. ఆ సాయంత్రం బసలో మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మేస్త్రి ఒక్క మాట చెప్పాడు. "ఆడి కాడ ఉన్నప్పుడు అది బరువు కాదురా. మన గోదాములో బస్తా దొంగోడు అట్టుకెల్లిపోతన్నాడు. దొంగోడికి దారిస్తారేటి?"

దాంతో మా ఆట మారిపోయింది. రేవు పనిలోదే ఇంకో అలవాటు కూడా మాకు కలిసొచ్చింది. బల్ల మీద ముందువాడు ఆగిపోకుండా వెనకవాడు "ఎనకున్నా" అని హెచ్చరిస్తూ ఉంటాడు. మేం మైదానంలోనూ అలాగే అరుచుకునేవాళ్లం. బంతి ఉన్నవాడు తల తిప్పి చూడక్కర్లేదు, ఆ గొంతు ఎక్కణ్నుంచి వస్తే అక్కడికి మడమతో బంతిని వదిలేస్తాడు. బూట్లు వేసుకున్న జట్లు ముందు మా కాళ్లు చూసి నవ్వేవి, తర్వాత బంతి ఎటు పోయిందో వెతుక్కునేవి.

మేం నాలుగు ఆటలు నెగ్గేసరికి పక్క ముఠా మేస్త్రికి కళ్లల్లో కారం పడింది. ఆయన వెదురుగడలాంటి పొడుగాటి మనిషి, నవ్వితే సొమ్ము పోతుందన్నట్టు ఉండేవాడు. ఒకరోజు బసలో పెద్దలందరి ముందూ మా మేస్త్రిని నిలదీశాడు.

"కూలోడికి బంతేటి? ఆటలాడి ఒళ్లు పులిసిపోతే రేపు బస్తా ఎవుడు మోస్తాడు? కొరంగీవోడు పుట్టింది బరువు మొయ్యడానికి. దొరల ఆటలు మనకెందుకు?"

మా మేస్త్రికి రోషం ఎక్కువ. "ఈ వానల్లో మావోలు లీగులోకెక్కకపోతే ఈ బంతి నా సేత్తోటే ఏట్లోకి ఒగ్గీస్తాను. మల్లీ ఆటన్న మాట ఎత్తను," అన్నాడు.

ఆయన మాటంటే మాటే. లీగ్‌లో చోటు దొరక్కపోతే మా జట్టు అక్కడితో సరి. నాకైతే ఆ బంతి లేని వానాకాలం ఎలా ఉంటుందో ఊహించుకోడానికి కూడా మనసొప్పలేదు. ఏడాది పొడుగునా కొరంగీ కొరంగీ అని పిలిపించుకునేవాళ్లం, ఆ మైదానంలో దిగిన కాసేపే మమ్మల్ని జనం పేరుపేరునా పిలిచేవారు.

లీగ్‌లో ఖాళీ ఉన్నది ఒక్క చోటే. దానికోసం రెండు జట్లు ఆడాలన్నారు, మేమూ, ఏటి అవతలి సిరియం నూనె కర్మాగారం జట్టూ. బర్మావాళ్లు తన్లిన్ అనే ఊరే సిరియం. అక్కడా మనవాళ్లే పనిచేసేవారు. పైగా ఆ జట్టు నాయకుడు స్వయానా నా బావమరిది. ఒకప్పుడు మా ముఠాలోనే, మా బల్ల మీదే బస్తాలు మోసి, తర్వాత కర్మాగారంలో పని దొరికి ఏరు దాటాడు.

ఆట రోజు లాంచీ దిగి వస్తూనే పలకరించాడు. "బావా, బస్తా బంతి తెచ్చినావేటి?"

"నేదురా. నీ నోరు కుట్టడానికి దబ్బనం తెచ్చినాను," అన్నాను.

వాన సన్నగా పడుతోంది. మా బస మొత్తం మైదానానికి తరలివచ్చింది. పక్క ముఠా మేస్త్రి కూడా గొడుగేసుకుని వచ్చి నిలబడ్డాడు, బంతి ఏట్లో పడడం చూడాలని కాబోలు. నేను ముందు వరసలో ఆడుతున్నాను. పొడగరిని, గోల్స్ కొడతానని పేరు, ఆ పేరంటే నాకు మహా ఇష్టం.

కాసేపు ఆట సమంగానే సాగింది. అప్పుడు మా బావమరిది బంతితో బయల్దేరి, నడుం వంచి, గొంతెత్తి ఒక కేక వేశాడు. "బరువు."

మావాళ్లంతా పక్కకి ఒరిగారు. దొంగ, గోదాము, మేస్త్రి పాఠం, ఏదీ గుర్తు లేదు. ఆ కేక చెవుల్లోకి పోదు, నేరుగా వెన్నులోకి పోతుంది. వాడు తీరిగ్గా వెళ్లి గోల్ కొట్టి వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లింటి అల్లుణ్ణైన నా ముందు నవ్వుకుంటూ నడిచాడు వెధవ.

విరామంలో మావాళ్లందరిదీ ఒకటే మాట. వాళ్ల జట్టులో సగంమంది పాత రేవు మనుషులే, మనమూ ఆ కేక వేస్తే వాళ్లూ దారిస్తారు. మేస్త్రి మొహం గట్టిపడింది.

"ఆ కేక ఎట్టినోడు రేపట్నుంచి నా బల్లెక్కొద్దు."

"మరి ఓడిపోతాం గదా మేస్త్రీ," అన్నాన్నేను.

"ఓడిపోతే బంతి ఏట్లోకెల్తాది. కేక పాడైతే మనిసెల్తాడు."

పోనీ ఆ కేక విన్నా కదలకుండా ఉంటామన్నాడు ఒకడు. దానికీ ఆయన ఒప్పుకోలేదు. ఇవాళ కదలకపోతే రేపు బల్ల మీదా కదలరని భయం. "ఇనబడితే దారిచ్చీండి," అన్నాడు. నా వైపు తిరిగాడు. "నువ్వు ఎనక్కెల్లు."

"నానా? మరి గోలెవుడు కొడతాడు?"

"రేవులో నీ పనేటి?"

"బస్తా దించడం."

"ఇక్కడా అదే సెయ్యి."

మొహం మాడ్చుకుని వెనక్కి, మా గోల్ ముందుకి వెళ్లాను. అంతమంది ముందు నన్ను ముందు వరసలోంచి తీసేశాడు మరి. ఆట మళ్లీ మొదలైంది. బావమరిది బంతితో వచ్చాడు, కేక వేశాడు, మావాళ్లు బుద్ధిగా పక్కకి ఒరిగారు. వాడు ఆ దారంట నవ్వుకుంటూ నా దాకా వచ్చాడు. నేనేమీ ఆలోచించలేదు. ఏళ్ల తరబడి ఆ కేక వింటే నా ఒళ్లు ముందుకే పోతుంది. బస్తా కిందకి చెయ్యి పోయినట్టు బంతి కిందకి నా కాలు పోయింది. బంతి నా దగ్గర ఉండిపోయింది, వాడు బురదలో చతికిలబడ్డాడు.

"దించీసినాన్రా. కాసేపు కూకో," అన్నాను.

మైదానమంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే "ఎనకున్నా" అని మావాడి గొంతు వినబడింది, బంతి వదిలాను. అక్కణ్నుంచి గొంతు గొంతుకీ మారుతూ అది వాళ్ల గోల్‌లోకి వెళ్లింది. బావమరిది మొండివాడు, మళ్లీ కేక వేసి వచ్చాడు, మళ్లీ దించాను. ఆ తర్వాత వాడు కేక మానేశాడు. కేక లేకపోతే వాడు ఉత్త దొంగే గదా, మావాళ్లలో ఒక్కడూ దారి ఇవ్వలేదు. ఆట ఇక ముగుస్తుందనగా వాడి కాళ్లలోంచి మావాళ్లు లాక్కున్న బంతి రెండో గోల్ అయింది. రిఫరీ ఈల వేసేసరికి మేం లీగ్‌లో ఉన్నాం. నేను ఒక్క గోల్ కూడా కొట్టలేదు, నా జన్మలో అంత గర్వపడ్డ రోజూ లేదు.

బావమరిది తిన్నగా మేస్త్రి దగ్గరికి వెళ్లి తల దించుకుని నిలబడ్డాడు. "ఆ కేక ఎయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి, "బసకి రా, కూడు తిని ఎల్దువు గాని," అన్నాడు. జట్టు పేరేమిటని లీగ్ పెద్దలు అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కొరంగీ అని చెప్పాడు. మైదానం బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలతో ఆ మాటే ఎక్కింది. అప్పటిదాకా మా వెనక వినపడిన మాటని జనం ఇక మొహాన నిలబడి, చప్పట్లు కొడుతూ అరవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న రేవుకి వెళ్లాం. పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉన్నాయి, మా పడవకి పోవాలంటే పక్క ముఠా వేసుకున్న బల్ల మీదుగా పోవాలి. నేను ముందే వెళ్లి పడవలో నా చోట నిలబడ్డాను. మేస్త్రి వెనగ్గా వచ్చాడు, చంకలో ఆ పురికొస బంతి. బల్ల నిండా పక్క ముఠావాళ్లున్నారు, వాళ్ల మేస్త్రి మధ్యలో ఉన్నాడు. మా మేస్త్రి వీపున బస్తా లేదు కాబట్టి నియమం ప్రకారం ఒడ్డునే ఆగాడు.

ఆ పొడుగాటి మనిషి మా మేస్త్రిని చూశాడు, బంతిని చూశాడు. నవ్వలేదు. తనవాళ్ల వైపు తిరిగి గొంతెత్తాడు.

"బరువు."

వాళ్లంతా పక్కకి ఒరిగారు, అందరికంటే ముందు ఆయనే ఒరిగాడు. రేవులో ఆ కేక అబద్ధానికి ఎవరూ వెయ్యరు. మా మేస్త్రి బంతిని పట్టుకుని ఆ బల్ల మీద నెమ్మదిగా నడిచి వచ్చాడు. నేను ముందుకొచ్చి రెండు చేతులా అందుకున్నాను.