గోతిలో తుంగ

అరవైల చివర్లో నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. ఆ రోజుల్లో మా ఆఫీసు ఒక ఘనకార్యం చేసింది. ఉద్దానంలో, ఇసకలో, చెరువు తవ్వింది.

దానికి కారణం ఉంది. సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక బీల ఉండేది. ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే పల్లపు నేల. అందులో తుంగ పెరిగేది, కొంగలు దిగేవి, చేపలు దొరికేవి. రోడ్డు కోసం అందులో సగం పూడ్చేశారు. తుంగ కోసి చాపలు నేసుకునేవాళ్ళు గోల పెట్టారు. పైవాళ్ళు జాలిపడి, బదులుగా మరోచోట చెరువు తవ్వి తుంగ పెంచమన్నారు. అది బాగుందని తనిఖీలో తేలితేనే మిగతా సగం పూడ్చాలన్నారు. మాట న్యాయంగానే ఉంది. కానీ మావాళ్ళకి ఖాళీగా దొరికిన చోటు జీడితోటల మధ్య ఇసక దిబ్బ. అక్కడ చెంబుడు నీళ్ళు పోస్తే, చెంబు పక్కన పెట్టేలోపే నేల తాగేస్తుంది. ఈ సంగతి ఉద్దానంలో పశువులు కాసేవాళ్ళకి కూడా తెలుసు. మా ఓవర్సీరుకి తెలియలేదు. ఆయన చదువుకున్నవాడు.

నీళ్ళు రాకముందే గట్టు మీద చెరువు పేరుతో బోర్డు పాతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తనిఖీకి పై ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ ఉదయం ఓవర్సీరు మనుషుల్ని పెట్టి కావిళ్ళతో నీళ్ళు పోయించాడు. మిగిలిన బీలలోంచే తుంగ కోయించి, వేళ్ళు లేని ఆ కాడల్ని గోతిలో వరసగా గుచ్చించాడు. వరినాట్లు కూడా అంత తీరుగా ఉండవు. ఆఫీసరు పదింటికి రావాలి. దారిలో జీడిపప్పు కోసం పలాసలో ఆగాడట. మంచి పప్పు ఏరించుకుని వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికి గోతిలో తడి మాత్రమే మిగిలింది. తుంగ తలలు వాల్చేసింది.

గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మా ఇంట్లో చాపలన్నీ ఆవిడ నేసినవే. పుట్టినప్పుడు నన్ను పడుకోబెట్టింది కూడా ఆవిడ చాప మీదేనని మా అమ్మ చెప్పేది. మిగతా బీల కూడా పోతే ఆవిడకి కోయడానికి తుంగ ఉండదు, చేయడానికి పని ఉండదు.

ఆఫీసరు టేపు పట్టించాడు. పొడవు, వెడల్పు, లోతు. నేను ఫారంలో రాశాను. మూడూ సరిపోయాయి.

ముసలమ్మ దిగి వచ్చి ఒక కాడ పట్టుకుంది. లాగక్కర్లేకుండానే అది చేతిలోకి వచ్చేసింది.

"బాబూ, దీనికి ఏర్లు నేవు. గోతిలో నీరూ నేదు. ఇదేటి సెరువు?" అని ఆఫీసరుని అడిగింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఫారంలో నీళ్ళకి కాలమ్ ఉందా?"

"లేదండి," అన్నాను.

"మరింకేం."

ముసలమ్మ నన్ను చూసి, "నువ్వయినా సెప్పు బాబూ. నీకు తెల్దా?" అంది.

నాకు తెలుసు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని కూడా తెలుసు. ఫారం చివరి గడిలో 'సంతృప్తికరం' అని రాశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆఫీసంతా మెచ్చుకునేది. చాలా సిగ్గేసింది. అయినా అక్షరం వంకర పోలేదు.

మరుసటి ఎండాకాలానికి మిగతా బీల పూడిపోయింది. కొంగలు కొన్నాళ్ళు వచ్చి రోడ్డు మీద తిరిగి, వెళ్ళిపోయాయి. మా రిపోర్టు వాటికి ఎవరూ చదివి వినిపించలేదు. ఓవర్సీరుకి ప్రమోషన్ వచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత మా ఇంట్లో చాప చిరిగింది. కొత్తది తెమ్మని అమ్మ పంపింది. తప్పించుకోవాలని చూశాను గానీ కుదరలేదు. వెళ్ళేసరికి ముసలమ్మ వాకిట్లో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. చాపలు నేసిన వేళ్ళు జీడిసొనకి కాలి, నల్లగా పొట్టు లేస్తున్నాయి. అమ్మ చాప అడిగిందని చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. చేతిలో పని ఆపలేదు.

"ఆ సెరువులో తుంగ బాగుందని నువ్వే రాసినావు కదా బాబూ," అంది. "ఎల్లి కోసుకురా. నేసి ఇత్తాను."