పగులు కొసన దారి తప్పిన గీత

గ్యాస్ లైటర్‌లో నొక్కితే నిప్పురవ్వ పుట్టించే పింగాణీ బిళ్లకు పగులు వస్తే, అది ఎటు పాకుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం నా పరిశోధన. మూడు వారాలుగా లెక్క తప్పే వస్తోంది. సెలవుకు నారాయణపేట వచ్చి, బిళ్లను గళ్లుగళ్లుగా విడదీసి కంప్యూటర్ గీసిన కాగితాన్ని ఈ రోజు నేల మీద పరిచాను. చీరలు నేసే మా మేనత్త మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, గీతల వెంట వేలు పోనిచ్చింది.

“ఈడ గళ్లు గింత దగ్గర దగ్గర ఎందుకున్నయే?”

“అది పగులు కొస అత్తా. ఒత్తిడంతా ఆడనే పడుతది.”

“మరి గాడనే ఒక గీత పక్క గడిలకు పోయింది, సూడు బిడ్డా!”

నిజమే. ఆ గీత ఏ మూలకు చేరాలో చెప్పే అంకెను కంప్యూటర్‌కు తప్పు ఇచ్చాను. నేనూ మా గైడూ పట్టలేనిది ఆమె వేలు పట్టేసింది. థీసిస్‌లో మొదటి కృతజ్ఞత అత్తకే. కాదనేవాళ్లుంటే చెప్పండి, ఆ కాగితం మీకూ పంపిస్తాను. వెతుక్కోండి!