పాదం మీద పడిన గుంట

ఇరవై ఏళ్ళు దాటాయి, ఈ సంగతి నాలోనే పెట్టుకుని. తూకంలో గోరంత తగ్గించిన పాపమైతే ఇది చదివే మీ దగ్గర దాచేదాన్ని కాదు, మీరూ నవ్వి ఊరుకునేవారు. ఇది అది కాదు. ఒక తల్లి మంచి ఆలోచనతో వచ్చింది. నేను మాట్లాడి మార్చాను. తెలిసి మార్చాను. ఆ 'తెలిసి' అన్న మాట రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

అరవైల దశకం చివరి రోజులు. గజపతినగరంలో మా నాన్నకి కిరాణా కొట్టు. కొట్టు గుమ్మంలోనే ఆడుకుని పెరిగినదాన్ని, పెళ్ళి కాకముందే బేరాలన్నీ నావే. బేరమంటే నాకు లాభం కాదు, పంతం. వచ్చిన మనిషి తాననుకున్నది కాక నేననుకున్నది పట్టుకెళితే ఆ పూట నాకు అన్నం సయించేది. పెద్ద కోట గెలిచినట్టు!

మా పెరటి గదిలో సర్కారు ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ అద్దెకుండేది. ఓ రోజు పప్పు కొంటూ చెప్పింది. పిల్లలు ఉబ్బితే ఊళ్ళలో ఒళ్ళు చేశారని మురిసిపోతారట. అది కండ కాదు, నీరు. తల్లికి మళ్ళీ కడుపు రాగానే చంటివాడికి పాలు మానిపించి వట్టి గంజి మీద పెడతారు. పొట్ట నిండుతుంది గాని ఒంటికి పట్టేదేమీ ఉండదు. "పాదం మీద బొటనవేలితో నొక్కి చూడు. గుంట పడి అలాగే ఉండిపోతే వాడికి పప్పో, వేరుశెనగో, పాలో, గుడ్డో వెంటనే పెట్టాలి," అంది.

ఆ వారం సంతకి పైడమ్మ వచ్చింది. పక్క ఊళ్ళో మెట్ట సాగు చేసుకునే మనిషి. నెత్తిన వేరుశెనగ కాయల మూట, చంకలో రెండేళ్ళ కొడుకు, కడుపులో ఇంకో బిడ్డ. అందులోంచి తవ్వెడు కాయలు నాకు కొలిచి, బదులుగా బెల్లం ఇమ్మంది.

"ఏటే పైడమ్మా, ఇంత మూట మోసుకొచ్చి తవ్వెడే ఇస్తావేటి?"

"మిగతావి ఇయ్యను సావుకారమ్మా. ఏపి, దంచి, బెల్లం కలిపి బుడ్డోడికి పెట్టమని ఇప్పుడే దారిలో నర్సమ్మ సెప్పినాది. ఆడి ఒంట్లో బలం లేదంట."

మూట విప్పడానికి వాణ్ణి నా ముందున్న బల్ల మీద కూర్చోబెట్టింది. వాడు ఏడవలేదు, ఆడలేదు. జుట్టు ఎర్రబారి ఉంది. పాదం నా చేతికి అందేంత దగ్గర. నొక్కాను. గుంట పడింది. వేలు తీశాక కూడా ఉంది. చూశాను. అయినా నోరు ఆగలేదు.

"బలం లేకపోడమేటి? బుగ్గలు సూడు, బూరెల్లాగున్నాయి! ఏపిన కాయలు పెడితే పైత్యం సేసి ఇరేచనాలు పట్టుకుంటే ఎవరే పూచీ?"

"మరి నర్సమ్మ..."

"ఆవిడకి పెళ్ళా, పిల్లలా?"

నాకూ లేవు. ఆ సంగతి పైడమ్మ అడగలేదు.

"తేలిగ్గా అరిగేది సగ్గుబియ్యం. జావ కాసి పొయ్యి. మూట ఇక్కడెట్టు."

ఆమె నవ్వేసింది. "నీ నోటితో బండరాయినైనా అమ్మేస్తావే తల్లీ!"

మూట వదిలి, సగ్గుబియ్యం పొట్లం పట్టుకెళ్ళింది. నాకా కాయల అవసరమేమీ లేదు. వారం పాటు మూల పడి ఉన్నాయి. పైడమ్మ కనిపించిందా అని నర్సమ్మ అడిగితే లేదన్నాను. ఎందుకన్నాను?

రెండు నెలలు తిరక్కుండా వాడు పోయాడు. పసుపుకొమ్ములకి వచ్చినప్పుడు పైడమ్మే చెప్పింది. "ఒళ్ళు సేసినాడని నువ్వన్నాక రోజూ తినిపిస్తా, ఆడు తింటంటే సూసి మురిసిపోయినాను. నా కన్నే తగిలినాది." చెప్పవలసిన క్షణం అది. నేను తలూపాను. అంతే అయ్యుంటుంది అన్నట్టు.

కాయలు పెట్టి ఉంటే బతికేవాడా? ఏమో. ఆ 'ఏమో' వెనక చాలా ఏళ్ళు దాక్కున్నాను. తరవాత కొట్టుకి ఏ తల్లి పిల్లణ్ణి తెచ్చినా పాదం నొక్కేదాన్ని, పప్పూ కాయలూ దంచి పొట్లం కట్టి చేతిలో పెట్టేదాన్ని. ఊళ్ళో మంచి పేరే వచ్చింది. చూశారా, అక్కడా నాకే గిట్టుబాటు.

కిందటి నెల పైడమ్మ ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళి వాళ్ళింటి మీదుగా వచ్చాను. అరుగు మీద మనవరాలికి కోడలు అన్నం పెడుతోంది. పైడమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "మా అత్త అంతేనమ్మా," అంది కోడలు. "పిల్లలు తింటంటే సూడదు. కడుపున పుట్టినోళ్ళనీ సూడలేదంట." ఆ రోజు ధైర్యం చాలక తిరిగొచ్చేశాను. ఇక దాచకూడదనుకున్నాను. ఏమైనా సరే.

నిన్న వెళ్ళాను. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. నర్సమ్మ నేర్పినది, నేను నొక్కినది, పడిన గుంట, ఊపిన తల. మెత్తగా చెప్పే నేర్పు నాకుంది, వాడలేదు. క్షమించమని అడగలేదు, అదొక బేరంలా ఉంటుందని.

పైడమ్మ "ఎల్లిపో," అంది.

లేచాను. వీధిలోకొచ్చి ఒక్కసారి వెనక్కి చూశాను. అరుగు మీద మనవరాలు కంచం ముందు కూర్చుని ఉంది. పైడమ్మ నావైపు చూడటం లేదు. గోడవైపూ చూడటం లేదు. ఆ పిల్ల నోట్లోకి వెళ్తున్న ప్రతి ముద్దనీ చూస్తోంది.